తుపాకీ లైసెన్సుల అర్జీలో ముందు ఏం అడగాలి?

ప్రశ్న: మాది ఉదయగిరి వైపు, కొండ పక్క చేలన్నీ అడవి పందుల పాలవుతున్నాయి. రైతులంతా కలిసి ఎమ్మెల్యే గారికి అర్జీ ఇస్తున్నాం. పంట కాపలాకి లైసెన్సులు అడగాలా, మనిషికి మళ్లీ మూడు తుపాకులు ఇమ్మనాలా?

జవాబు: మూడు తుపాకుల గొడవ వదిలేయండన్నా, 2019 సవరణతో రెండుకి తగ్గించారు, దాన్ని మార్చాలంటే పార్లమెంటే మార్చాలి. పంట కాపలాకి గొట్టంలో మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. కాదంటే కారణం రాసిమ్మనండి, అప్పీలుకి పనికొస్తుంది.

ఇంకో జవాబు: లైసెన్సు ఉంటే చాలదు. పందిని కాల్చాలంటే 1972 వన్యప్రాణి చట్టం కింద అనుమతి వేరే కావాలి, అర్జీలో అదే ముందు రాయండి, లేకపోతే మన రైతులే కేసుల్లో ఇరుక్కుంటారు.

ప్రశ్న వేసినవారు: సరే అన్నా, అనుమతి ముందు, లైసెన్సు తర్వాత. అలాగే రాస్తాం.