సర్టిఫికెట్ల మెయిల్ మెర్జ్: పీడీఎఫ్, బొమ్మల ఔట్‌పుట్ సెట్టింగులు ఎలా ఉండాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను ఒక డిగ్రీ కళాశాల కార్యాలయంలో పనిచేస్తున్నాను. విద్యార్థులకు ఇచ్చే స్టడీ, కాండక్ట్ సర్టిఫికెట్లకు లిబ్రేఆఫీస్ రైటర్‌లో ఒక టెంప్లేటు తయారుచేసుకున్నాము. పేర్లు, తండ్రి పేర్లు, హాల్‌టికెట్ నంబర్లు ఉన్న క్యాల్క్ షీటును దానికి జోడించి, మెయిల్ మెర్జ్ ద్వారా ఒక్కొక్క విద్యార్థికి ఒక్కొక్క ఫైలు వచ్చేలా చేసి, వాటన్నిటినీ కమాండ్ లైన్‌లో ఒకేసారి పీడీఎఫ్‌లుగా మారుస్తాము. అంతవరకు పని సాఫీగానే సాగుతోంది.

చిక్కంతా ఔట్‌పుట్ దగ్గరే వస్తోంది. పేజీ చుట్టూ అలంకారపు అంచు, పైన కళాశాల చిహ్నం, కింద ప్రిన్సిపాల్ సంతకం, ఊదారంగు గుండ్రటి సీలు బొమ్మలుగా ఉన్నాయి. ఒక్క పేజీ పీడీఎఫ్ అనేక ఎంబీలు తూగుతోంది. విద్యార్థులు దాన్ని జతచేయవలసిన ఒక దరఖాస్తు వెబ్‌సైటు 200 కేబీ దాటితే తీసుకోదు. క్వాలిటీ తగ్గిస్తే సైజు దిగుతోంది గాని సీలు చుట్టూ ఉన్న అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కొందరు జేపెగ్ బొమ్మగా కావాలంటారు. అందులో ‘శ్రీ’కి ఉన్న గుడిదీర్ఘం గుడిలా కనిపిస్తోంది, ఒత్తులు కలిసిపోతున్నాయి. పేరు తప్పుగా కనిపించే కాగితాన్ని విద్యార్థి చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు. పైగా, పాత సర్టిఫికెట్ల పీడీఎఫ్‌లలో తెలుగు పేరుతో వెతికితే ఏదీ దొరకడం లేదు.

అచ్చుకు, అప్‌లోడుకు, కార్యాలయంలో భద్రపరచడానికి ఒకే సెట్టింగు సరిపోతుందా? లేకపోతే ఏది ఎలా మార్చుకోవాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు

ఒకే సెట్టింగు సరిపోదు. అయితే సెట్టింగుల జోలికి వెళ్లే ముందు బరువు ఎక్కడుందో చూడండి. పీడీఎఫ్‌లను పరిశీలించే ఉచిత కమాండుల సముదాయమైన పాప్లర్‌లోని ‘పీడీఎఫ్ఇమేజెస్’ కమాండును లిస్ట్ ఎంపికతో నడిపితే, ఫైలులోని ప్రతి బొమ్మ ఎన్ని పిక్సెళ్లు ఉందో, పేజీ మీద ఎంత డీపీఐతో (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లతో) కూర్చుందో, ఎంత చోటు తింటోందో వరుసగా చూపిస్తుంది. సాధారణంగా అక్షరాల బరువు చాలా తక్కువగా ఉంటుంది, బరువంతా బొమ్మలదే.

మీ సీలునే తీసుకుందాం. దాన్ని ఫోనుతో ఫొటో తీసి, 4,000 పిక్సెళ్ల వెడల్పున్న బొమ్మను పేజీ మీద 3.5 సెంటీమీటర్లకు కుదించి పెట్టారనుకోండి. కంటికి అది చిన్నదైపోతుంది గాని లోపల పిక్సెళ్లు అలాగే ఉంటాయి, అంటే అది సుమారు 2,900 డీపీఐతో కూర్చుంటుంది. అంత కొలతకు 300 డీపీఐ కావాలంటే దాదాపు 413 పిక్సెళ్లే చాలు. కాబట్టి సీలు, సంతకం, చిహ్నం మూడింటినీ చుట్టూ ఉన్న ఖాళీ కత్తిరించి, కావలసిన పిక్సెళ్లకు తగ్గించి, పీఎన్‌జీగా (నాణ్యత పోకుండా కుదించే బొమ్మ ఫైలుగా) టెంప్లేటులో మళ్లీ పెట్టండి. ఈ పని ఒక్కసారి చేస్తే ఆ తరువాత వచ్చే ప్రతి సర్టిఫికెట్టూ తేలికవుతుంది. అందుకే క్వాలిటీ శాతంతో కుస్తీ పట్టడం కన్నా టెంప్లేటును బాగుచేయడమే మేలని నా గట్టి అభిప్రాయం.

అంచు సంగతి ఇంకా ముఖ్యం. ఏ4 పేజీ మొత్తాన్ని కప్పే బొమ్మ 300 డీపీఐలో 2,480 × 3,508 పిక్సెళ్లు ఉంటుంది. మధ్యలో ఉన్నది తెల్లటి ఖాళీయే అయినా, కుదించకుండా రంగులలో నిల్వచేస్తే అది దాదాపు 26 ఎంబీలు. దాన్ని ఎస్‌వీజీగా, అంటే పిక్సెళ్లతో కాక గీతలతో ఉండే బొమ్మగా గీయించుకోండి, లేదా రైటర్‌లోని పేజీ బోర్డరుతోనే సరిపెట్టండి. గీతలుగా ఉన్న అంచుకు డీపీఐతో పని లేదు, ఎంత పెద్దదిగా అచ్చువేసినా పదునుగానే వస్తుంది.

ఇక పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ కిటికీలో జనరల్ ట్యాబు కింద బొమ్మల విభాగం ఉంటుంది. మామూలుగా జేపెగ్ క్వాలిటీ 90 శాతం, రిజల్యూషన్ 300 డీపీఐకి తగ్గించు అని ఉంటాయి. సీలు, సంతకం వంటి గీతల బొమ్మలకు జేపెగ్ తగదు. జేపెగ్ బొమ్మను 8 × 8 పిక్సెళ్ల గడులుగా విడదీసి కుదిస్తుంది కనుక, తెలుపు మీద ముదురు గీత ఉన్నచోట గీత పక్కన మురికి లాంటి చుక్కలు తేలుతాయి. మీరు లాస్‌లెస్ (నాణ్యత ఏమాత్రం పోకుండా కుదించే పద్ధతి) ఎంచుకోండి. బొమ్మలను ముందే సరిచేసుకున్నారు కాబట్టి లాస్‌లెస్‌లో కూడా సైజు పెద్దగా పెరగదు. అచ్చు ప్రతికి 300 డీపీఐ, అప్‌లోడు ప్రతికి 150 డీపీఐ పెట్టండి. లిబ్రేఆఫీస్ 7.4 నుంచి ఈ ఎంపికలను మార్పిడి కమాండులోనే రాయవచ్చు కనుక, ఒకే ఫైలు నుంచి రెండు ప్రతులను రెండు కమాండులతో తీయవచ్చు. ఒకసారి తయారైన పీడీఎఫ్‌ను మళ్లీ మళ్లీ కుదించకండి, ఎప్పుడూ మూలం నుంచే తీయండి.

రెండో జవాబు

జేపెగ్ బొమ్మల గురించి నేను చెబుతాను. రైటర్ ఫైలును నేరుగా బొమ్మగా మారిస్తే మొదటి పేజీ మాత్రమే వస్తుంది, అదీ తెరకు సరిపోయే రిజల్యూషనులోనే. ముందు పీడీఎఫ్ చేసి, దాని నుంచి పాప్లర్‌లోనే ఉన్న ‘పీడీఎఫ్‌టుపీపీఎమ్’ కమాండుతో బొమ్మ తీయండి. అందులో రిజల్యూషన్ మీ చేతిలో ఉంటుంది.

ఎంత పెట్టాలన్నది తెలుగు అక్షరాన్ని బట్టి తేల్చుకోవాలి. 12 పాయింట్ల అక్షరానికి 96 డీపీఐలో దక్కే ఎత్తు 16 పిక్సెళ్లే. ఆ పదహారులోనే పైన గుడి, మధ్యన అక్షరం, కింద ఒత్తు మూడూ ఇమడాలి. గుడిదీర్ఘపు చివరి మెలికకు ఒకటి రెండు పిక్సెళ్లు కూడా మిగలవు, ‘శ్రీ’ ‘శ్రి’ అయ్యేది అందుకే. ఇంగ్లిషు పెద్దక్షరాలకు చాలిన రిజల్యూషన్ మనకు చాలదు. 200 డీపీఐలో అదే అక్షరానికి 33 పిక్సెళ్లు దొరుకుతాయి, ఏ4 పేజీ 1,654 × 2,339 పిక్సెళ్లు అవుతుంది. అంతకంటే తగ్గవద్దు. టెంప్లేటులో పేరును 14 పాయింట్లకు పెంచగలిగితే ఇంకా మంచిది.

జేపెగ్‌లో మరో సంగతి ఉంది. చాలా ప్రోగ్రాములు వెలుగును పూర్తిగా ఉంచి, రంగును అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గించి నిల్వచేస్తాయి. నల్లటి అక్షరాలకు దాని వల్ల పెద్ద నష్టం లేదు గాని, ఊదారంగు సీలు అంచులు చెదిరేది ఇక్కడే. వెబ్‌సైటు ఒప్పుకుంటే పీఎన్‌జీ ఇవ్వండి. జేపెగ్ తప్పనిసరైతే, రంగు అవసరం లేనిచోట గ్రేస్కేలులో తీయండి, సైజూ కలిసివస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపమని విద్యార్థులకు చెప్పండి, ఎందుకంటే ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని మళ్లీ కుదిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. అంచును పేజీ బోర్డరుగా మార్చి, సీలును కత్తిరించి పెట్టగానే ఫైలు 200 కేబీ లోపునకు వచ్చింది, సీలులోని అక్షరాలు కూడా చదవడానికి వస్తున్నాయి. ఇక వెతుకులాట, భద్రపరచడం గురించి ఎవరైనా చెప్పగలరా? ప్రిన్సిపాల్ గారు డిజిటల్ సంతకం కూడా మొదలుపెట్టాలని అనుకుంటున్నారు.

మూడో జవాబు

పాత ఫైళ్లు ఏ ఫాంటులో టైపు చేసినవో ముందు చూడండి. అవి అనూ వంటి యూనికోడ్ (ప్రతి భాషలోని అక్షరానికీ సొంత సంకేతమిచ్చే ప్రమాణం) కాని ఫాంట్లలో ఉంటే, ఫైలులో ఉన్నది తెలుగు కాదు, తెలుగు ఆకారం తొడిగిన ఇంగ్లిషు సంకేతాలు. వాటిలో వెతుకులాట ఏ సెట్టింగుతోనూ పనిచేయదు, మూల పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవలసిందే. కొత్తవాటికి మండలి, నోటో సాన్స్ తెలుగు వంటి యూనికోడ్ ఫాంటు వాడి, పాప్లర్‌లోని ‘పీడీఎఫ్‌ఫాంట్స్’ కమాండుతో ఫాంటు ఫైలులో ఇమిడిందో లేదో చూసుకోండి. ఆ తరువాత ఒక పేరును పీడీఎఫ్ నుంచి కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి, ఒత్తులు సరిగా వచ్చాయో లేదో చూడండి. ఈ పరీక్షను మాత్రం వదలకండి.

భద్రపరచే ప్రతికి పీడీఎఫ్/ఏ-2బీ ఎంచుకోండి. పీడీఎఫ్/ఏ అంటే ఫైళ్లను చాలాకాలం భద్రపరచడానికి ఉద్దేశించిన పీడీఎఫ్ ప్రమాణం. 2005లో వచ్చిన పీడీఎఫ్/ఏ-1 పారదర్శకతను అనుమతించదు, మీ సీలు పీఎన్‌జీలో వెనకభాగం పారదర్శకంగా ఉండే అవకాశం ఎక్కువ. 2011లో వచ్చిన రెండో భాగం, అంటే పీడీఎఫ్/ఏ-2, దాన్ని అనుమతిస్తుంది. పీడీఎఫ్/ఏలో పాస్‌వర్డు పెట్టడం కుదరదు కనుక, ఆ ఫోల్డరును ఎవరెవరు తెరవవచ్చో కంప్యూటరు అనుమతులతోనే కట్టడి చేయాలి. ఫైలు నిజంగా ప్రమాణానికి తగ్గట్టు ఉందో లేదో వెరాపీడీఎఫ్ అనే ఉచిత ప్రోగ్రాము చెబుతుంది.

డిజిటల్ సంతకం (ఫైలు ఎవరు ఇచ్చారో, తరువాత మారలేదో నిరూపించే ఎలక్ట్రానిక్ ముద్ర, సంతకం బొమ్మ కాదు) అన్నిటికన్నా చివర రావాలి. సంతకం అయ్యాక ఫైలును కుదించి మళ్లీ రాయిస్తే ఆ సంతకం చెల్లదు. కాబట్టి అచ్చు ప్రతి, అప్‌లోడు ప్రతి, భద్రపరచే ప్రతి మూడూ తయారయ్యాక, సంతకం కావలసిన ప్రతి ఒక్కదాని మీదా విడిగా చేయించండి. బొమ్మగా మార్చిన ప్రతిలో ఆ సంతకం ఉండదన్న సంగతి విద్యార్థులకు ముందే చెప్పడం మంచిది.