5జీ ఫోన్ల పేటెంట్ రాయల్టీ ఎవరు కట్టాలి? లెక్క తేలడం లేదు

షెన్‌జెన్‌లోని ఒక తయారీదారు దగ్గర 3,000 ఫోన్లు చేయించి, మా బ్రాండ్ పేరుతో ఇండియాలో అమ్మాలనుకుంటున్నాం. ఒక్కోటి 150 డాలర్లు. పేటెంట్ ఖర్చంతా చిప్ కంపెనీయే కట్టేసిందని సేల్స్ ఆయన మాట. ఒప్పందం ముసాయిదాలో మాత్రం "పేటెంట్ లైసెన్సుల బాధ్యత కొనుగోలుదారుదే" అని ఉంది. రెండుసార్లు మెయిల్ పెట్టినా అదే మాట, కాగితం లేదు.

ఇక నేనే లెక్క వేశాను. 5జీ పేటెంట్లున్న కంపెనీలు బయటపెట్టిన రేట్లివి: క్వాల్‌కామ్ మల్టీమోడ్ (5జీతో పాటు పాత నెట్‌వర్క్‌లపైనా పనిచేసే) ఫోన్‌కు ధరలో 3.25 శాతం (నాకు 4.9 డాలర్లు), ఎరిక్సన్ 2017లో చెప్పింది 2.5 నుంచి 5 డాలర్లు, నోకియా 2018లో గరిష్ఠంగా 3 యూరోలు, హువావే 2021లో గరిష్ఠంగా 2.5 డాలర్లు. ఎరిక్సన్‌కు తక్కువ రేటే వేసినా ఈ నలుగురికే దాదాపు 13 డాలర్లు. మా లాభమే అంత లేదు! మిగతా పేటెంట్ కంపెనీల సంగతి ఈట్సీ (ETSI, యూరప్ టెలికాం ప్రమాణాల సంస్థ) డేటాబేస్‌లో వెతికాను. అందులో ఉన్నవి కంపెనీలు తమంతట తాము ప్రకటించుకున్న పేటెంట్లే, 5జీ ప్రమాణానికి అవి నిజంగా అవసరమో కాదో ఈట్సీ తేల్చదు. అక్కడ ఆగిపోయాను.

చిన్నవాళ్లని వదిలేస్తారులే అంటున్నారు కొందరు. 2024 మార్చిలో ఢిల్లీ హైకోర్టు పేటెంట్ల కేసులో ఎరిక్సన్‌కు 244 కోట్ల రూపాయలు కట్టమని మన దేశపు ఫోన్ల కంపెనీ లావాను ఆదేశించాక నాకు ఆ ధైర్యం లేదు.

ఇలా ఫోన్లు చేయించుకున్నవాళ్లు చెప్పండి: తయారీదారు లైసెన్స్ మన బ్రాండ్‌తో ఇండియాలో అమ్మే ఫోన్లకూ వర్తిస్తుందనడానికి రుజువుగా ఏ కాగితం అడిగి తీసుకున్నారు?