కోర్ కొలాప్స్: కూలడమా, కుంగడమా?

ప్రశ్న: గోళాకార తారాగుచ్ఛాల (ఆకర్షణతో బంతిలా గుమిగూడిన నక్షత్రాల గుంపుల) మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాం. గుచ్ఛం నడిమి భాగం చిక్కబడడాన్ని 'కోర్ కొలాప్స్' అన్నచోట 'గర్భం కుప్పకూలింది' అని రాశాం. సరిపోతుందా అండీ?

జవాబు: సరిపోదండీ. కుప్పకూలడం సూపర్నోవాకి, అంటే నక్షత్రం పేలిపోవడానికి, ఉంచుకోండి, అక్కడ నక్షత్రపు ఇనుప గర్భం సెకనులోపే కూలుతుంది. గుచ్ఛంలో ఇది వందల కోట్ల ఏళ్ల పని. నక్షత్రాలు పక్కపక్కనుంచి పోతూ, ఢీకొనకుండానే ఆకర్షణతో శక్తిని ఇచ్చిపుచ్చుకుంటాయి. శక్తి పుంజుకున్నది వెలుపలికి పోతుంది, పోగొట్టుకున్నది లోపలికి జారుతుంది. అసలు కిటుకు ఇక్కడుంది: లోపలికి జారినది నెమ్మదించదు, ఇంకా వేగంగా తిరుగుతుంది! అంటే శక్తి కోల్పోయినకొద్దీ గర్భం వేడెక్కుతుంది (ఇక్కడ వేడి అంటే నక్షత్రాల వేగమే). వేడెక్కినకొద్దీ ఇంకా శక్తి వెలుపలికి పోతుంది. 1968లో లిండెన్-బెల్, వుడ్ అనే శాస్త్రవేత్తలు విడమరచి చెప్పింది ఇదే. నా ఓటు 'కుంగడం'కి. 'గర్భం కుంగిన గుచ్ఛం' అంటే ఎం15 అనే గుచ్ఛానికి చక్కగా అమరుతుంది.

మరొకరు: కుంగడమే మేలు, కానీ అది చివరిదాకా నెమ్మదిగా సాగదని వ్యాసంలో చెప్పండి. గర్భం చిక్కబడేకొద్దీ ఈ ఇచ్చిపుచ్చుకోవడం జోరందుకుంటుంది, ఆఖర్న పట్టు తప్పుతుంది. ఆపేవి జంట నక్షత్రాలు. దగ్గరికొచ్చిన మూడోదాన్ని విసిరికొట్టి, తాము ఇంకా దగ్గరవుతాయి. అలా వెలువడిన శక్తి గర్భాన్ని నిలబెడుతుంది. తర్వాత గర్భం విచ్చుకుని మళ్లీ కుంగవచ్చు కూడా. 'కూలింది' అంటే కథ అక్కడితో ముగిసినట్టు వినిపిస్తుంది, అందుకే నాకూ ఆ మాట వద్దు. 'నల్లబిలమైంది' అని మాత్రం పొరపాటున కూడా రాయకండి, అది వేరే సంగతి.

ఇంకొకరు: గుర్తుపట్టే పద్ధతి కూడా చేర్చండి. మామూలు గుచ్ఛంలో కేంద్రం దగ్గర వెలుగు ఒక స్థాయికి చేరి చదునవుతుంది. కేంద్రంలోని వెలుగు సగానికి తగ్గే దూరాన్ని గర్భ వ్యాసార్ధం అంటారు. కుంగినదాంట్లో ఆ చదును కనబడదు, కేంద్రం దాకా వెలుగు ఎక్కుతూనే పోతుంది. అయితే నడిమధ్యన నాలుగైదు ప్రకాశవంతమైన ఎర్ర దిగ్గజాలు (బాగా ఉబ్బిన నక్షత్రాలు) పడినా కొలత అలాగే మోసం చేస్తుంది. అందుకే మొత్తం వెలుగు ఒక్కటే చాలదు, మసక నక్షత్రాలను విడివిడిగా లెక్కించాలి. పాలపుంతలో తెలిసిన నూటయాభై పైచిలుకు గుచ్ఛాల్లో ఐదోవంతు దాకా కుంగినవే. ఎం30, ఎన్‌జీసీ 6397 అందులోవి. ఒమేగా సెంటారి గుచ్ఛం మాత్రం కుంగినది కాదు.