16 కనెక్షన్లు పెడితే నిజంగ స్పీడ్ పెరుగుతదా? ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్ ఏది మంచిది?

దేవరకొండ_పోరడు:
అన్నలూ, ఉబుంటు 24.04 (లినక్స్ ఆపరేటింగ్ సిస్టం) ఐఎస్ఓ, అంటే ఇన్‌స్టాల్ చేసే ఫైలు, దించుకుందామని మూడు రోజుల సంది తిప్పలు పడుతున్న. ఫైలు 5.7 జీబీ. క్రోమ్‌ల పెడితే ప్రతిసారి 70 శాతం కాడ ఆగిపోతుంది, మళ్ల మొదటికే వస్తుంది. హార్డ్ డిస్కుల జాగ లేదు, అందుకే 32 జీబీ పెన్‌డ్రైవ్‌లకే దించుతున్న. విండోస్ 10, లైను 40 ఎంబీ. పైసలు అడగని డౌన్‌లోడ్ మేనేజర్ ఒకటి చెప్పుర్రి.

పిల్లలమర్రి_ఊడ:
ఆరియా2 అనే ఫ్రీ డౌన్‌లోడ్ సాఫ్ట్‌వేర్ తెచ్చుకో తమ్మీ. ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు, జిప్ ఇప్పి ఫోల్డర్ల పెట్టుకుంటే అయిపాయె. కమాండ్ ప్రాంప్ట్‌ల ఆరియా2సి అని కొట్టి, మైనస్ ఎక్స్ 16, మైనస్ సి, ఆఖరుకు లింకు పెట్టు (అన్నీ ఇంగ్లీషు అక్షరాలల్లనే). ఎక్స్ అంటే ఒక్క సర్వర్‌కు ఎన్ని కనెక్షన్లు అని. సి అంటే ఆగిన కాడి నుంచి అందుకునుడు. 40 మెగాబిట్ల లైనంటే సెకనుకు 5 మెగాబైట్లు. అంటే నీ ఫైలు ఇరవై నిమిషాల పని. క్రోమ్‌ను నమ్ముకుంటే పొద్దుగూకుతది.

మిర్యాలగూడ_మిల్లు:
ఐడీఎం (ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్) క్రాక్, అంటే పైసలు కట్టకుండ నడిచే దొంగ కాపీ, దొరుకుతది కదా, గింత లొల్లి ఎందుకు?

నాగర్‌కర్నూల్_అక్క:
ఆ క్రాకుల తోనే బ్రౌజర్ల దాచుకున్న పాస్‌వర్డులు పోతయి. అసలు ఐడీఎం 30 రోజుల ట్రయల్, తర్వాత కొనాలె. తమ్మునికి నల్ల స్క్రీన్ అలవాటు లేకపోతే "ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్" అన్న పేరుతోనే ఉన్న సాఫ్ట్‌వేర్ వేసుకోమనుర్రి. బటన్లుంటయి, ఆపొచ్చు, మళ్ల నడిపియ్యొచ్చు, టొరెంట్లు కూడా తీసుకుంటది. వాళ్ల సొంత సైటు నుంచే దించుకో. 2023 సెప్టెంబర్‌ల కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు బయటపెట్టిన్రు: 2020 నుంచి 2022 దాకా ఆ సైటులనే లినక్స్ డౌన్‌లోడ్ నొక్కిన కొందరిని వేరే అడ్రసుకు మళ్లిచ్చి, పాస్‌వర్డులు గుంజే దొంగ ప్యాకేజీ అంటగట్టిన్రట. ఏది దించినా హాష్ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి కోడ్) చూసుకునుడు మర్వకు.

పానగల్లు_గట్టు:
ఊడ గారూ, 16 అని అందరికి చెప్తున్నరు గని, మీ కమాండ్ తోని 16 తెర్వదు. ఆరియా2ల ఎక్స్ అనేది గరిష్ఠం మాత్రమే. ఫైలును ఎన్ని ముక్కలు చెయ్యాలో చెప్పేది ఎస్ అనే వేరే ఆప్షన్, అది మనం పెట్టకపోతే 5. అంటే మీరు ఇన్ని రోజులు 16 అనుకుంట 5 మీదనే నడుపుతున్నరు. ఇంకోటి, ముక్క కనీసం 20 ఎంబీ ఉండాలని దాని లెక్క. 40 ఎంబీ లోపు ఫైలైతే అసలు కోయదు. అక్కడ మీరు 16 పెట్టినా 1 పెట్టినా ఒకటే.

పిల్లలమర్రి_ఊడ:
సరే, ఎస్ 16 కూడా పెట్టుకోమను. నాకు స్పీడ్ వస్తుందా లేదా అన్నది ముఖ్యం. వస్తుంది.

పానగల్లు_గట్టు:
5 తోనే వస్తుందని మీరే ఒప్పుకున్నట్టు అయ్యింది.

జడ్చర్ల_జంక్షన్:
😀

పిల్లలమర్రి_ఊడ:
నవ్వుడు కాదు, కారణం విను. దూరం సర్వరైతే ఒక్కొక్క ప్యాకెట్ పోయి జవాబు వచ్చేసరికి 200 మిల్లీసెకన్లు దాటుతది. నడుమ ఒక్క ప్యాకెట్ పోయినా ఆ కనెక్షన్ తన వేగాన్ని ఒక్కసారి కోసుకుంటది, మళ్ల మెల్లగ పెరగాలె. ఒక్కటే కనెక్షన్ ఉంటే డౌన్‌లోడ్ మొత్తం కుంటుతది. పదహారు ఉంటే ఒకటి కుంటినా పదిహేను ఉరుకుతయి. వైఫై రౌటర్ దూరంగ పెట్టుకున్నోళ్లకు ఇది ఇంకా పనికొస్తది.

పానగల్లు_గట్టు:
కారణం కరెక్టే, సంఖ్య తప్పు. దగ్గరి మిర్రర్ (అదే ఫైలు కాపీ ఉన్న సర్వర్) ఎంచుకుంటే ఒక్క కనెక్షనే లైను నింపుతది. దూరందైతే 4 చాలు. 16 కొడితే కొన్ని సర్వర్లు 429 గని 503 గని ఎర్రర్ ఇచ్చి తలుపేస్తయి. అప్పుడు "సాఫ్ట్‌వేర్ బాగలేదు" అని తిట్టుడు.

నాగర్‌కర్నూల్_అక్క:
ఒక మాట. కరెంటు పోయి రౌటర్ ఆగినప్పుడు ఆరియా2 ఫైలు పక్కనే చివర ఆరియా2 అని ఉన్న చిన్న ఫైలు కనిపిస్తది. దాన్ని చెత్త అనుకుని తీసెయ్యకు. ఏ ముక్క వచ్చింది, ఏది రాలే అన్న లెక్క అండ్లనే ఉంటది. అది పోతే పెద్ద ఫైలు సైజు నిండుగనే కనిపిస్తది, లోపల సందులుంటయి. లింకు గడువు తీరి 403 ఎర్రర్ వస్తే కొత్త లింకు తెచ్చి, అదే ఫోల్డర్ల అదే పేరు మీద నడిపిస్తే మిగిలింది మాత్రమే వస్తది. సర్వర్ ముక్కలు ఇచ్చే రకమైతేనే ఇదంత. జవాబుల 206 వస్తే ఇస్తున్నట్టు, 200 వస్తే మొదటి నుంచి మొత్తం పంపుతున్నట్టు.

పిల్లలమర్రి_ఊడ:
గట్టు గారూ, మీకు 16 అంటే అంత మంట ఏందో సమజ్ అయితలేదు. సర్వర్ తలుపేస్తే తగ్గించుకుంటం. నా లైను, నా పైసలు.

పానగల్లు_గట్టు:
మీ లైను మీ ఒక్కరిదైతే 16 పెట్టుకోండి. నెట్ సెంటర్ల, హాస్టళ్లల్ల ఒకే లైను మీద పది మంది కూర్చుంటరు. మామూలు రౌటర్ మనిషిని చూడదు, కనెక్షన్లను చూసి పంచుతది. 40 మెగాబిట్ల లైను మీద ఒకడు 16 తెరిచిండు, పక్క సిస్టం మీద ఒక పిల్ల ఒక్క కనెక్షన్‌తోని హాల్ టికెట్ తీస్తుంది. 17 పాళ్లు చేస్తే ఆ పిల్ల వాటాకు రెండున్నర కూడా రాదు. వాడు సినిమా దించుతుంటడు, ఈమె దరఖాస్తు ఆఖరు నిమిషంల టైమౌట్ అయితది. తిట్లు ఎవరికి? కౌంటర్ల కూర్చున్నోనికి.

పిల్లలమర్రి_ఊడ:
హాఁ, ఇప్పుడు అసలు ముచ్చట బయటికొచ్చింది! పొద్దటి సంది ఎక్స్, ఎస్ అనుకుంట పాఠం చెప్పిన్రు గని, బాధ మీ నెట్ సెంటర్‌ది. రౌటర్ల ఒక్కొక్క సిస్టంకు హద్దు పెట్టుకోండి. క్యూఓఎస్ అనేది అందుకే ఉన్నది. మీ రౌటర్ సెట్టింగ్ బద్ధకానికి మా సాఫ్ట్‌వేర్‌ల కనెక్షన్లు తగ్గియ్యాల్నా?

పానగల్లు_గట్టు:
తక్కువ ధర రౌటర్లల్ల ఆ సెట్టింగ్ పేరుకే ఉంటది, ఆన్ చేస్తే మొత్తం లైనే నెమ్మదైతది. ఊర్లల్ల కంపెనీ వాళ్లు పెట్టిపోయే డబ్బాలకైతే పాస్‌వర్డ్ కూడా మన చేతికియ్యరు. పది మందికి అందాల్సింది ఒక్కడే గుంజుకునే ఉపాయాన్ని "ఫాస్ట్ డౌన్‌లోడ్" అని కొత్త పిలగాళ్లకు నేర్పుతుంటే ఊకోవాల్నా?

పిల్లలమర్రి_ఊడ:
ఆ పిలగాడు అడిగింది తన ఇంటి లైను గురించి.

పానగల్లు_గట్టు:
ఇల్లని ఎక్కడ రాసిండు? చూపించుర్రి.

నాగర్‌కర్నూల్_అక్క:
ఇద్దరికీ దండం. ఫ్రీ డౌన్‌లోడ్ మేనేజర్‌ల కింద నత్త బొమ్మ ఉంటది. అది నొక్కితే వేగం తగ్గి పక్కోళ్లకు దారి దొరుకుతది. ఆరియా2ల కూడా గరిష్ఠ వేగం ఇంత అని కట్టెయ్యొచ్చు, సెకనుకు 2 మెగాబైట్లు పెడితే 16 కనెక్షన్లున్నా దాని మించి తాగదు. సంఖ్య మీద కొట్లాడే బదులు వేగానికి హద్దు పెట్టుర్రి.

దేవరకొండ_పోరడు:
ఊడ అన్న చెప్పినట్టు ఆరియా2 పెట్టిన, ఎస్ కూడా పెట్టిన. మొదలే కాలే. ఫైలు తయారు చెయ్యలేకపోతున్న అన్నట్టు ఏదో ఎర్రర్. ఎక్స్ 4 పెట్టి కూడా చూసిన, అదే కథ. 😞

జడ్చర్ల_జంక్షన్:
తమ్మీ, పెన్‌డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌ల ఫైల్ సిస్టమ్ ఏమున్నదో చూడు.

దేవరకొండ_పోరడు:
ఫాట్32 అని ఉన్నది అన్నా.

జడ్చర్ల_జంక్షన్:
అదే. ఫాట్32ల ఒక్క ఫైలు 4 జీబీ దాటదు. 5.7ల 4 అంటే 70 శాతం. క్రోమ్ ఆగింది అక్కడనే. ఆరియా2 ముందుగాల్నే మొత్తం జాగ పట్టుకోవాలని చూస్తది, అందుకే నీకు మొదట్లనే ఎర్రర్ ఇచ్చింది. పెన్‌డ్రైవ్‌లున్నది వేరేకాడ దాచుకుని ఎక్స్‌ఫాట్‌కు ఫార్మాట్ చేసుకో, ఏ సాఫ్ట్‌వేర్ తోనైనా దిగుతది. దిగినంక విండోస్‌ల ఉండే సర్ట్‌యుటిల్ కమాండ్ తోని షా256 హాష్ తీసి, ఉబుంటు సైటుల ఇచ్చిన హాష్‌తోని కలుపుకో.

దేవరకొండ_పోరడు:
అయ్యో. మూడు రోజులు! ఫార్మాట్ చేస్తున్న అన్నా.

పిల్లలమర్రి_ఊడ:
ఫార్మాట్ అయినంక ఎక్స్ 16, ఎస్ 16 పెట్టి చూడు తమ్మీ. ఇరవై నిమిషాలు.

పానగల్లు_గట్టు:
4.