పాత కాటన్ చీరలతో కర్టెన్లు, అంచు కిందికి రావాలంటే ఎట్లా?

అక్కలూ అన్నలూ, కుట్టు తెలిసినోళ్ళు కొంచెం చెప్పండి. మేముండేది తిరుపతిలో, అద్దిల్లు, హాలు కిటికీ పడమటి దిక్కు, మధ్యాహ్నం మూడైతే ఎండంతా సోఫా మీదే. రెడీమేడ్ కర్టెన్ల రేట్లు చూస్తే గుండె గుభేల్‌మంటా ఉంది, అందుకే అమ్మ బీరువాలో ఊరికే పడున్న వెంకటగిరి కాటన్ చీరలతోనే కుడదామని.

కిటికీ నాలుగడుగుల వెడల్పు, ఎత్తూ అంతే. చీరని నిలువుగా కట్ చేసి రెండు ముక్కలు వేస్తే కుచ్చిళ్ళు బాగానే వస్తాయి గానీ జరీ అంచు పక్కలకి పోతుంది, అడ్డంగా తిప్పితే అంచు కిందికొస్తుంది, అందమంతా అదే కదా, కానీ చీర పన్నా 45 అంగుళాలే, మడత కుట్టేసరికి పొట్టయిపోతుంది. పైన కాళహస్తి కలంకారి గుడ్డ పట్టీగా అతికిస్తే బాగుంటుందా, లేక ఉతికితే ఆ రంగు చీరకి అంటుతుందా?

ఇంట్లో ఉండేది తొక్కుడు మిషను, సూది 16 నంబరు. ఇంత పల్చటి గుడ్డకి 11 వేయాలా 14 వేయాలా? గంజి పెట్టి ఇస్త్రీ చేసి కుడితే గుడ్డ జారదంటారు, నిజమేనా? లైనింగ్‌కి పాత దుప్పటి సరిపోతుందా, కొత్తది కొనమని మాత్రం చెప్పొద్దండీ 😀