లోటస్ టెంపుల్ ఆర్కిటెక్ట్ ఫరీబోర్జ్ సహ్బాను గొప్పవాడు అనొచ్చా?

గోదారిగట్టు:
ఢిల్లీ వెళ్లొచ్చాక ఆ తెల్ల తామర ఎవరి డిజైనా అని చూశాను. ఫరీబోర్జ్ సహ్బా అట. 1948లో ఇరాన్‌లోని మష్హద్‌లో పుట్టాడు. 1972లో టెహ్రాన్ యూనివర్సిటీలో చదువు పూర్తి చేశాడు. 1976లో, 28 ఏళ్లకే, బహాయీ మతంవాళ్లు ఢిల్లీ మందిరం పని అప్పగించారు. 1986లో అది పూర్తయింది. తర్వాత ఇజ్రాయెల్‌లోని హైఫాలో కార్మెల్ కొండ మీద 19 అంచెల తోటలు, 2001లో తెరిచారు. పేరు తెచ్చిన ఈ రెండు పనులూ ఇచ్చింది సొంత మతంవాళ్లే. బయట నెగ్గుకొచ్చిందేమీ నాకు కనబడలేదు. మీరేమంటారు?

చార్మినార్_చంద్రం:
ఆ స్థలం కొన్నది మన హైదరాబాదీ డబ్బుతో. ఈ సంగతి ఎవరూ చెప్పరు.

కిన్నెర:
అది సింధ్‌లోని హైదరాబాద్ చంద్రం గారూ. అర్దిషీర్ రుస్తంపూర్ అనే ఆయన జీవితమంతా కూడబెట్టింది వీలునామాలో రాసిచ్చారు.

చార్మినార్_చంద్రం:
రుస్తం అంటే పార్సీ పేరు కదా. మన అబిడ్స్‌లో పార్సీలు లేరా?

శారద_ఆర్కి:
గోదారి గారూ, మతం పని ఇస్తే ప్రతిభ లేనట్టా? గుళ్లు కట్టిన శిల్పులకు రాజులు పోటీ పెట్టి ఇచ్చారా? పోటీయే కొలత అంటే హొసేన్ అమానత్‌ను చూడండి. ఆయనా టెహ్రాన్‌లో చదివిన బహాయీయే. 1966లో కుర్రాడిగా పోటీ గెలిచి టెహ్రాన్‌లోని షాహ్యాద్ టవర్ డిజైన్ చేశాడు. 45 మీటర్ల తెల్ల పాలరాతి కట్టడం, 1971లో ప్రారంభం. విప్లవం వచ్చింది, టవర్ పేరు ఆజాదీ అయింది, ఆయన కెనడా చేరాడు. 1979 తర్వాత ఇరాన్‌లో బహాయీలకు ఉద్యోగాలే పోయాయి. అలాంటప్పుడు సహ్బా బయట ఏం నెగ్గాడని అడగడం అన్యాయం.

విశాఖ_వాసు:
ఎంతైనా అది సిడ్నీ ఒపేరా హౌస్‌కి కాపీ. చూస్తేనే తెలుస్తుంది.

శారద_ఆర్కి:
చూస్తే తెలియదు వాసూ. సిడ్నీలో ముందే పోతపోసిన ముక్కలు పైకెత్తి కూర్చి, పైన టైల్స్ వేశారు. ఢిల్లీలో 27 రేకుల పెంకులనూ అక్కడికక్కడే పోతపోసి, పైన గ్రీస్ పాలరాయి తొడిగారు. తొమ్మిది రేకులు గుమ్మాల మీద బయటికి వాలతాయి, తొమ్మిది పైకి లేస్తాయి, తొమ్మిది లోపల మొగ్గలా ముడుచుకుంటాయి. ఆ వంపులన్నీ గోళాలు, స్థూపాలు, శంకువుల నుంచి కోసిన ముక్కలే. చుట్టూ ఉన్న తొమ్మిది కొలనులు అందం కోసమే అనుకోకండి. వాటి మీదుగా చల్లబడిన గాలి కింది అంతస్తు నుంచి హాల్లోకి వచ్చి, వేడెక్కి పైనుంచి పోతుంది. ఇదంతా ఆలోచించినవాడు గొప్పవాడు కాకపోతే ఇంకెవరు?

సెంట్రింగ్_సత్తిబాబు:
మేడమ్ గారూ, ఇందాకట్నుంచీ చదువుతున్నాను. గీసినాయన, గీసినాయన. లెక్కలు కట్టింది లండన్ ఇంజినీర్లు, ఫ్లింట్ అండ్ నీల్. కట్టింది ఎల్ అండ్ టీ వాళ్ల కన్‌స్ట్రక్షన్ కంపెనీ ఈసీసీ. జాయింట్ గీత కనబడకూడదని ఒక్కో రేకుకు దాదాపు 48 గంటలు ఆపకుండా కాంక్రీటు వేశారు. ఆ మాల్ తట్టల్లో నెత్తిన పెట్టుకుని పైకి మోసింది ఆడకూలీలు. రాత్రిపూట స్లాబ్ వేసిన రోజు మీరెప్పుడైనా సైటులో ఉన్నారా? నేనున్నాను. వాన పడితే టార్పాలిన్ పట్టుకుని నిలబడాలి. తెల్లారి కారులో వచ్చినాయన ఫొటో దిగి వెళ్లిపోతాడు.

గోదారిగట్టు:
అన్నా, నేనడిగింది అది కాదు.

శారద_ఆర్కి:
సహ్బా ఫొటో దిగి వెళ్లే రకం కాదు సత్తిబాబు గారూ. ఢిల్లీలోనే ఉండి ప్రాజెక్టు మేనేజరుగా దగ్గరుండి కట్టించాడు. ఆడకూలీల సంగతి నాకు తెలీదనుకోకండి. మీ కడుపుమంట తెచ్చి ఆయన మీద పోస్తే ఎలా?

సెంట్రింగ్_సత్తిబాబు:
కడుపుమంటే. ఒక పెద్ద ఆఫీసు బిల్డింగుకి మెట్ల సెంట్రింగ్ మొత్తం నా చేతి మీదుగా జరిగింది. డ్రాయింగులో ఉన్నది ఉన్నట్టు చేస్తే మెట్టు అమరదని చెప్పి సరిచేసింది నేను. ఓపెనింగ్ రోజు గేటు దగ్గరే ఆపేశారు. డ్రాయింగు తప్పిచ్చినాయనకి శాలువా. మీకిలాంటివి అర్థం కావు లెండి, బల్ల దగ్గర కూర్చునేవాళ్లకి.

శారద_ఆర్కి:
బల్ల దగ్గర కూర్చున్నదానికి ఏమైందో వినండి మరి. ఒక స్కూలు బిల్డింగు మొత్తం నేను గీశాను. పత్రికలో మా బాసు పేరు పడింది, కింద "బృందం" అని ఒక ముక్క. అడిగితే అందరూ కలిసే చేశాం కదమ్మా అన్నారు. మీరు చెబుతున్నదీ అదే, అందరూ కట్టారని. ఆ మాట ఎక్కడ మొదలైనా ముందు ఎగిరిపోయేది గీసినవాళ్ల పేరే. అందుకే సహ్బా పేరు మీద ఇంత పట్టు పడుతున్నాను.

సెంట్రింగ్_సత్తిబాబు:
మీ బాసు చేసింది దొంగతనం. నేను సహ్బా పేరు తీసేయమన్నానా? పక్కన మేస్త్రీల పేర్లు కూడా వేయమంటున్నాను. మీ పేరు తినేసినాయన్ని వదిలేసి నా మీద పడతారేంటి?

శారద_ఆర్కి:
వందలమంది పేర్లు ఎక్కడ వేస్తారు?

సెంట్రింగ్_సత్తిబాబు:
అంత పాలరాయి ఉంది. ఒక్క పలక చాలదా?

చార్మినార్_చంద్రం:
వేస్తే డబ్బిచ్చినాయన పేరు అందరికంటే పైన ఉండాలి. సింధ్ అయినా సరే, హైదరాబాద్ హైదరాబాదే.