టీడీఎస్ 40 ఉంటే ఆ నీళ్లు మంచివేనా?

ప్రశ్న, నరసాపురం దగ్గర నుంచి:
నమస్తే అండి. కాలువలకి నీళ్లు కట్టేసి మూడు వారాలైంది. కొళాయికి మంచినీళ్ల చెరువు నీళ్లే వస్తున్నాయి, కాస్త పాచి వాసన. మా అత్తగారికి వారంలో రెండుసార్లు విరేచనాలు పట్టుకున్నాయి. ఇంట్లో రెండేళ్ల పాప ఉంది. మీటరు కొని టీడీఎస్ చూశాం: కొళాయి 310, బోరు 1900, టిన్ను నీళ్లు 40. టిన్నే మంచిదని మావారు అంటున్నారు. పాపకి ఏవి పట్టమంటారు?

జవాబు, నీటి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరైన ఆయన నుంచి:
ముందు అత్తగారికి ఓఆర్ఎస్ పట్టండమ్మా, తగ్గకపోతే డాక్టరుకి చూపించండి. ఇక మీటరు సంగతి. అది నీళ్లలో కరిగిన లవణాలనే లెక్కగడుతుంది, విరేచనాలు తెచ్చే క్రిములు దానికి అందవు. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ లీటరుకి 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 2000 దాకా ఒప్పుకుంటారు. మీ కొళాయికి ఉప్పు బెంగ లేదు. బోరు నీళ్లు తాగడానికి వద్దు. మరిగిస్తే ఉప్పు పోకపోగా ఇంకా చిక్కబడుతుంది. టిన్నులో 40 అంటే ఉప్పు తీసేశారని మాత్రమే. అలా ఉప్పు తీసేసిన ఆర్‌ఓ నీళ్లలో క్రిముల్ని చంపే క్లోరిన్ మిగలదు, టిన్ను సరిగా కడగకపోతే క్రిములు అందులోనే పెరుగుతాయి.

కొళాయి దగ్గర క్లోరిన్ లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉందో లేదో చుక్కల కిట్‌తో చూడండి. నీళ్లలో మలం కలిసిందేమో చూసే హెచ్‌టూఎస్ సీసాలు రెండు తెచ్చి, ఒకటి మీ కొళాయి నీళ్లతో, ఇంకోటి మీకు ఎగువనున్న ఇంటి నీళ్లతో గీత దాకా నింపండి. సీసా లోపల వేలు తగలకూడదు. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలం కలిసినట్టే అనుకోవాలి. అందాకా అందరికీ గుడ్డతో వడకట్టి, తెర్లాక ఇంకో నిమిషం కాచిన నీళ్లే. ఆకుపచ్చ తెట్టు కట్టి వస్తే మాత్రం కాచినా తాగొద్దు. కొన్ని రకాల నాచు విషం మరిగించినా పోదు.

భీమవరం నుంచి ఒకరు:
కొళాయికి మోటారు బిగించారా అండీ? మా వీధిలో అందరూ బిగించి లాగేవారు. పైపుకి చిల్లుంటే ఆ గుంజుడుకి పక్కనున్న మురుగు లోపలికి వచ్చేస్తుంది.

మళ్లీ ప్రశ్న అడిగినావిడ:
బిగించాం అండి. మా సీసా మర్నాటికే నల్లబడింది, ఎగువింటిది రెండో రోజుకీ మారలేదు. తవ్విస్తే మా ఇంటి పైపు మురుగు కాలవలోంచి పోతోంది, జాయింటు దగ్గర తుప్పు తినేసింది. చూడగానే ఏడుపొచ్చింది, పాపకి ఆ నీళ్లే కదా పట్టాం. మోటారు తీసేశాం, కొత్త పైపు కాలవ పైనుంచి వేయించాం. ఇప్పుడేం చేయాలి?

ల్యాబు ఆయన జవాబు:
మంచిపని చేశారమ్మా. ఇంటి ట్యాంకు ఖాళీ చేసి, రుద్ది కడిగి, బ్లీచింగ్ నీళ్లు కాసేపు నిలవుంచి వదిలేయండి. ఆ తర్వాత మళ్లీ సీసా పెట్టండి. అది నల్లబడకుండా ఉందని తేలేదాకా కాచడం ఆపకండి. ఎదురింటి పైపు కూడా ఆ కాలవలోంచే పోతోందేమో ఒకసారి చూడమనండి.